ఉస్సుమనే మూత

మా పాత కారుకి ఒక అలవాటు ఉండేది. కనుమ దారి సగం ఎక్కేసరికి బానెట్ కింద ఉస్సుమనేది. రేడియేటరు మూత సందులోంచి సన్నగా ఆవిరి లేచేది. నేను రోడ్డు పక్కకి తీసి ఆపేవాణ్ణి. పావుగంట చల్లారనిచ్చి, డిక్కీలోంచి ఐదు లీటర్ల నీళ్ల డబ్బా తీసి, మూత మీద తడిగుడ్డ వేసి తిప్పి, అది తాగినన్ని నీళ్లు పోసి మళ్లీ బయల్దేరేవాళ్లం.

ఆ పావుగంటా మా ఆవిడ సీట్లోంచి కదలకుండా నన్ను చూసి నవ్వేది.

"దానికేం, మహారాణి. అడిగినప్పుడల్లా నీళ్లు. కొలతలన్నీ నాకే."

కొలత మాట నిజమే. ఆమె కిడ్నీలు రెండూ పనిచేయడం మానేసి మూడేళ్లయింది. వారానికి మూడుసార్లు కనుమకి అవతలున్న ఆసుపత్రికి తీసుకెళ్లి మిషను మీద పడుకోబెట్టాలి. నాలుగు గంటల్లో ఒంట్లో చేరిన నీళ్లూ మలినమూ లాగేస్తారు. మిగతా రోజుల్లో ఆమె తాగదగ్గ నీళ్లు రోజుకి ఒక చిన్న సీసాడే. ఒకసారి వెళ్లడం తప్పితే పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. రెండుసార్లు తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు.

మిషను మీద ఉన్నంతసేపూ ఆమెకి చలి. నేను బయట వరండాలో బెంచీ మీద జపం చేసుకుంటూ కూర్చుంటే లోపల్నుంచి ఫోను. "దుప్పటి పల్చగా ఉంది, ఇంకోటి అడగండి." పది నిమిషాలకి మళ్లీ. "ఆ కిటికీ ఎవరు తీశారు? మనుషులేనా వీళ్లు?" నేను వెళ్లి నర్సమ్మని బతిమాలేవాణ్ణి. "మీ ఆవిడని మంచుగడ్డల్లో కన్నారా సారూ?" అంటూనే నర్సమ్మ ఇంకో దుప్పటి తెచ్చేది. నాలుగు గంటల్లో నా జపం నాలుగు ముక్కలయ్యేది.

నా గురించి ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్లు లారీల కాటా దగ్గర పనిచేశాను. లారీ కాటా ఎక్కేది, ముల్లు తిరిగి ఆగేది, అది చూపించిన అంకె నేను రాసేవాణ్ణి. డ్రైవర్లు దణ్ణాలు పెట్టినా, దబాయించినా ముల్లు చెప్పిందే రాశాను. ఆ బుద్ధి కారులోకీ వచ్చింది. కనుమ ఎక్కేటప్పుడు నా చూపు సగం రోడ్డు మీద, సగం వేడి చూపించే ముల్లు మీద. ముల్లు మధ్య గీత దాటగానే నోట్లో దేవుడి పేరు మొదలయ్యేది. "ఆయన్ని తలుచుకోవడానికి అది పైకి లేవాలా?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది. వేళాకోళానికే అడిగింది.

ఆ మధ్య వానలో ఒకరోజు కారు రెండుసార్లు ఆగింది. మేం చేరేసరికి ఆలస్యమై, ఆమె మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఊపిరి కోసం వెతుక్కుంది. ఆరోజే అనుకున్నాను, ఇక ఈ కారు దారిలో ఆగకూడదు, రేడియేటరు మార్పించేయాలి అని.

కారు రిపేర్లు మొదట్నుంచీ చూసింది మెకానిక్ షెడ్డు పెద్దమేస్త్రి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. ఇప్పుడు షెడ్డు గుమ్మంలో ఇనుప కుర్చీలో కూర్చుంటాడు. పని అంతా ఆయన అల్లుడిది. షెడ్డుకొచ్చే వాళ్లందరికీ అతను అల్లుడే. ముసలివాళ్లు కూడా "అల్లుడూ, బ్రేకు చూడు" అంటారు.

"ఈ రాగిది పీకేద్దాం బాబాయ్," అన్నాడు అల్లుడు. "దీని గొట్టాలు రెండు వరసలే. సగం పూడుకుపోయాయి కూడా. నేను వేసేది అల్యూమినియంది, ఇంత వెడల్పు, మూడు వరసలు. ఎండాకాలం ఎడారిలో తిప్పినా ముల్లు లేవదు."

"ఉస్సుమనదు కదా?"

"ఉస్సూ బుస్సూ ఏమీ ఉండవు. పిల్లిలా పోతుంది."

పాతది విప్పి కింద పెట్టాడు. కొత్తది బిగించడానికి రెండు చోట్ల రేకు కోసి, పట్టీలు చేసి, మధ్యాహ్నానికల్లా కూర్చోబెట్టి, తియ్యటి వాసనేసే కూలెంటు కలిపిన నీళ్లు నింపాడు. వెండి పళ్లెంలా మెరుస్తోంది. దాంతో కొత్త మూత కూడా వచ్చింది. బిగువుగా ఉంది, రెండు చేతులా అదిమితే గానీ తిరగలేదు. పాత మూతని అల్లుడు తుక్కు డబ్బాలోకి విసిరాడు.

అప్పుడు మొదలైంది చప్పుడు. టంగ్. టంగ్. టంగ్.

పెద్దమేస్త్రి ఎడమచేత్తో పానా పట్టుకుని కుర్చీ చెయ్యి మీద కొడుతున్నాడు.

"మామకి టీ వేళయింది," అన్నాడు అల్లుడు తల ఎత్తకుండా.

ఆయన కూతురు టీ తెచ్చింది. ఆయన మొహం పక్కకి తిప్పేశాడు. టంగ్. టంగ్.

"లోపలికి తీసుకెళ్లమంటావా నాన్నా? ఎండ తగుల్తోందా?"

కాదన్నట్టు తల ఊపి ఇంకా గట్టిగా కొట్టాడు. గొంతులోంచి ఏదో వచ్చింది, మాట కాలేదు. మా ఆవిడ లేచి ఆయన దగ్గరికెళ్లి వంగింది. జబ్బు మనిషికి జబ్బు మనిషి దగ్గర తొందర ఉండదు.

"ఏంటన్నయ్యా? ఏం కావాలి?"

ఆయన పానాతో తుక్కు డబ్బా వైపు చూపించాడు. ఆమె ఒక్కొక్కటే తీసి చూపించింది. విరిగిన బోల్టు, కాదు. పాత బెల్టు, కాదు. మూత తీసేసరికి పానా కింద పడేసి, ఆ మూతని ఆమె అరచేతిలో పెట్టి, ఎడమచేత్తో ఆమె వేళ్లు ముడిచి గట్టిగా పట్టుకున్నాడు. ఎంతసేపటికీ వదల్లేదు. ఆయన కళ్లు ఆమె మొహం మీంచి కారు మీదికి, కారు మీంచి ఆమె మొహం మీదికి తిరిగాయి.

"పాత సామాను మీద మమకారం పిన్నీ," అన్నాడు అల్లుడు నవ్వుతూ. "దాని స్ప్రింగులో బిగువు లేదు. అందుకే ఉస్సుమనేది. ఇన్నాళ్లు ఎందుకు మార్చలేదో మామకే తెలియాలి."

"పైపులు?" అని అడిగాను.

"ఇంజను వెనకవా? మామ వేసినవే. బావున్నాయి. పగుళ్లేమీ లేవు."

బయల్దేరాక మా ఆవిడ పాత మూతని అరచేతిలో తిప్పి తిప్పి చూసింది.

"ఆయన ఏదో చెప్పాలనుకున్నాడండీ."

"పాతవాళ్లకి కొత్తది నచ్చదు. నేనూ అలాగే కదా."

"మీకు నచ్చింది మరి."

మూత సంచిలో వేసుకుంది.

మర్నాడు మిషను రోజు. మధ్యలో రెండు రోజుల సెలవు రావడంతో ఆమె ఒళ్లు నీరు పట్టి ఉంది. చెప్పుల్లో కాళ్లు దూరక నా చెప్పులు వేసుకుంది. "ఎలా ఉందోయ్?" అని అడిగితే, "బాగానే ఉంది," అంది. ఎనిమిదిన్నరకి అక్కడుండాలి. తొమ్మిది దాటితే మిషను ఇంకొకరికి వెళ్లిపోతుంది.

డిక్కీలోంచి నీళ్ల డబ్బా తీసి ఇంటి గుమ్మం పక్కన పెట్టడం ఆమె చూసింది.

"అదెందుకు తీశారు?"

"ఇక అవసరమేముంది?"

"ఉంటే బరువా?"

"ముప్పై ఏళ్లు కాటా దగ్గర కూర్చున్నవాణ్ణి. బరువు సంగతి నాకు వదిలేయ్."

ఆమె నవ్వలేదు.

ఊరు దాటేసరికి పొగమంచు కమ్ముకుంది. ఆమె చలికి ముడుచుకుంటే హీటరు వేశాను. వెచ్చటి గాలి ఆమె కాళ్ల మీదికి వచ్చేలా రెక్కలు తిప్పాను. కనుమ మొదలైంది. ఒకటో మలుపు, రెండో మలుపు. ముల్లు మధ్య గీతకి వేలెడు కింద ఆగింది, మేకు కొట్టినట్టు. ఎప్పుడూ ఆపే మలుపు వచ్చింది, వెళ్లిపోయింది. నేను అలవాటు కొద్దీ చెవులు రిక్కించాను. ఏ చప్పుడూ లేదు.

"చూశావా?" అన్నాను.

"చూశాను," అంది. కాసేపటికి, "ఆ ఉస్సు లేకపోతే కారులోంచి ఎవరో దిగిపోయినట్టుంది," అంది.

ఆ మాట నాకు నచ్చలేదు. నామం చెప్పుకోవడం మొదలుపెట్టాను. ముల్లు పైకి లేవకుండానే చెప్పుకుంటున్నానని కొంచెం గర్వం కూడా కలిగింది. ఆ గర్వం సంగతి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకో రెండు మలుపులయ్యాక ముందు ఎక్కడో టప్‌మని చిన్న చప్పుడు. చిన్న రాయి ఎగిరి తగిలినట్టుంది అంతే. తియ్యటి వాసన ఒకటి వచ్చి పోయింది. బానెట్ మీద తెల్లగా ఏదో కదిలింది గానీ, బయటంతా తెల్లగానే ఉంది. ముల్లు చూశాను. మెల్లగా దిగుతోంది. ఇందాక ఆగిన చోటి నుంచి కిందికి, ఇంకా కిందికి, పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఉన్న చోటికి.

"దేవుడి దయ," అన్నాను. "ఎక్కుతుంటే చల్లబడుతోంది, చూడు!"

ఆమె కాళ్ల దగ్గరికి వంగి చెయ్యి పెట్టింది.

"గాలి చల్లగా వస్తోందండీ."

"ఏ గాలి?"

"హీటరు గాలి. ఇందాకటి దాకా కాలింది. ఇప్పుడు మంచులా ఉంది. ఆపండి."

"ముల్లు కిందికే ఉందోయ్."

"ముల్లు సంగతి నాకు తెలీదు. నా కాళ్లకి చల్లగా ఉంది. ఆపండి."

ఆపలేదు. గడియారం ఎనిమిది దాటింది. ఆపడానికి చోటు లేదు. అన్నిటికన్నా, ముల్లు కిందికే ఉంది. అలా మూడు మలుపులు ఎక్కాను. మూడో మలుపులో ఇంజను రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు చప్పుడు చేసింది. నేను కాలు తీశాను. అది తనంతట తానే ఆగిపోయింది.

దిగి బానెట్ ఎత్తాను. మొహానికి సెగ కొట్టింది. ఇంజను వెనక, హీటరుకి వెళ్లే పాత పైపు చేప నోరులా తెరుచుకుని ఉంది. నీళ్లన్నీ ఎప్పుడో రోడ్డు పాలయ్యాయి. ముందు కొత్త రేడియేటరు మెరుస్తోంది. ఖాళీగా.

మా ఆవిడ అద్దం దించి తన చిన్న సీసా చాపింది. "ఇవి పోయండి."

"ఇవాళంతటికీ నీకున్నవి అవే."

"నేను తాగినా మిషను లాగేసేదే కదా."

ఆ నీళ్లతో దాని పెదవులు కూడా తడవవు. ఆ మాట చెప్పలేక సీసా వెనక్కి ఇచ్చాను. అప్పుడు విన్నాను ఆమె ఊపిరి. మాటకీ మాటకీ మధ్య పీల్చుకుంటోంది. నీళ్ల డబ్బా ఇంటి గుమ్మం పక్కనే ఉంది, నా కళ్లకి కనిపిస్తూనే ఉంది.

ఆమె ఎర్ర శాలువా తీసుకుని వెనక మలుపు దాకా పరిగెత్తాను. మంచులో పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. కింద నుంచి లారీ హారను వినిపించేదాకా ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. శాలువా ఊపాను. లారీ నా ముందు మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి తిట్టబోయి ఆగాడు.

"ఎవరూ! కాటా సారేనా? నలభై కిలోలు ఎక్కువుందని నన్ను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబెట్టారు, గుర్తుందా?"

"గుర్తులేదయ్యా. నిలబెట్టే ఉంటాను."

"నిలబెట్టే ఉంటారు, నిజమే," అని నవ్వుతూ దిగాడు. నాతో కారు దాకా వచ్చి మా ఆవిడ మొహం చూశాక నవ్వు ఆపేశాడు. సంగతి చెప్పాను. పైపుని రెండు వేళ్లతో నొక్కాడు. పొడిపొడిగా రాలింది.

"పైకి బావుంటుంది, లోపల చచ్చిపోయి ఉంటుంది. మూత ఏదీ, ఇదా? కొత్తది. ఇంత బిగువు మూత ఈ పైపుల మీద ఎవడు పెట్టమన్నాడు?"

మా ఆవిడ సంచిలోంచి పాత మూత తీసి ఇచ్చింది. అతను దాన్ని తిరగేసి, స్ప్రింగు చూసి, వేలితో తడిమాడు.

"ఇది అరిగిపోలేదు సారూ. ఎవరో కావాలని రెండు చుట్లు కోసేశారు, చివర ఆకురాయితో రుద్దారు కూడా. పైపులు పాతవి కదా, ఆవిరి పెరగకముందే ఇక్కడ్నుంచి బయటికి పోవాలని. పని తెలిసినవాడు చేసిన పని. ఇది ఉస్సుమంటూ ఉండి ఉండాలే?"

"అనేది," అన్నాను.

"అన్నన్నాళ్లూ బతికించింది."

"మరి ముల్లు? ముల్లు కిందికి దిగిందయ్యా. చల్లగా ఉందని చూపించింది."

"ఇంజన్లో ఉండే దాని తల నీళ్లలో మునిగి ఉంటేనే అది వేడి చెబుతుంది. నీళ్లు పోయాక ఒట్టి గాలిలో వేలాడుతుంది. ఇక దానికేం తెలుస్తుంది పాపం, చల్లగా ఉందనే అంటుంది." మూత నా చేతిలో పెట్టాడు. "అమ్మని నేను తీసుకెళ్తాను. మీరు ఉండాలి. మలుపులో, మంచులో ఈ బండి ఇలా ఉంటే వెనకొచ్చేవాడు కొండ మీంచి కిందికి పోతాడు. ఎవరో ఒకరు శాలువా పట్టుకుని నిలబడాల్సిందే."

ఇద్దరం కలిసి ఆమెని లారీ ఎక్కించాం. మెట్టు ఎత్తుగా ఉంది. నా చెప్పు ఒకటి ఆమె కాలినుంచి జారి కింద పడింది. తీసి అందించాను.

"బాగానే ఉందా?" అన్నాను.

"బాగానే ఉంది," అంది.

లారీ మంచులోకి వెళ్లిపోయింది.

నేను మలుపులో కారు పక్కనే నిలబడ్డాను, ఒక చేతిలో శాలువా, ఒక చేతిలో మూత. రెండు బళ్లు వచ్చాయి, నన్ను చూసి నెమ్మదించి తప్పుకుని పోయాయి. తొమ్మిదికి మూడు నిమిషాలుందనగా ఫోను మోగింది. "చేరాను. పడుకోబెట్టారు. ఆ డ్రైవరు నన్ను ఎత్తుకుని పరిగెత్తాడండీ, అందరూ చూశారు, సిగ్గు పోయింది." నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నామం చెప్పుకుందామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

అరగంట గడిచింది. ఫోను రాలేదు. ముప్పావుగంట. దుప్పటి సంగతి లేదు, కిటికీ సంగతి లేదు. ఇవాళ మంచి నర్సు దొరికి ఉంటుందనుకున్నాను. గంట దాటాక నేనే చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"చలిగా ఉందా?"

"లేదండీ." గొంతు దూరంగా ఉంది. "ఇవాళ అసలు చలే లేదు. హాయిగా ఉంది. నిద్రొస్తోంది."

దేవుడి దయ, అని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు నా చూపు కారు అద్దంలోంచి లోపలికి పోయింది. ముల్లు అట్టడుగున పడుకుని ఉంది. చల్లగా, హాయిగా.

ఫోను పెట్టేసి వార్డు నంబరుకి చేశాను. నర్సమ్మ ఎత్తింది.

"మీ ఆవిడా సారూ? ఇవాళే కదా గొడవ లేకుండా పడుకుంది. పడుకోనివ్వండి."

"చలి లేదంటోందమ్మా. ఒకసారి చూడు."

"పావుగంట కిందటే చూశాను. మిషన్లో అంకెలన్నీ బాగానే ఉన్నాయి."

"మిషన్ని కాదమ్మా. మనిషిని చూడు. నీ కాళ్లు పట్టుకుంటాను."

విసుగ్గా నిట్టూర్చడం వినిపించింది. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు నడుస్తూ దూరమయ్యాయి. కాసేపు ఏమీ లేదు. తర్వాత నర్సమ్మ ఎవరినో పేరు పెట్టి గట్టిగా పిలిచింది. ఈసారి అడుగులు పరిగెత్తాయి. చాలామందివి. ఏదో ఇనుపది లాగిన చప్పుడు. "అమ్మా! కళ్లు తెరవండమ్మా! అమ్మా!"

మూత నా పిడికిలిలో ఉంది. పెద్దమేస్త్రి ఆమె వేళ్లు ఎలా ముడిచాడో అలాగే ముడిచి పట్టుకున్నాను. దాని అంచు అరచేతిలో దిగింది. కింద నుంచి ఏదో బండి హారను కొట్టింది. ఫోను చెవికి ఆనించుకునే శాలువా ఊపాను.

ఎంతసేపో. చివరికి నర్సమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"బీపీ పూర్తిగా పడిపోయింది సారూ. రెండు రోజుల నీళ్లు ఒక్కసారే లాగాం కదా. కాళ్లు ఎత్తిపెట్టి సెలైను ఎక్కించాం. ఇంకో పది నిమిషాలయితే... ఇప్పుడు ఫర్వాలేదు. బాగానే ఉన్నారు."

"బాగానే ఉందని నువ్వు చెప్పకమ్మా. ఆమెకివ్వు."

మంచం దాకా నడిచిన అడుగులు విన్నాను. తర్వాత ఊపిరి. పీల్చడం, వదలడం, మళ్లీ పీల్చడం. మంచులో నా ముందు రోడ్డు కొద్దికొద్దిగా కనిపించడం మొదలైంది.

"ఏమండీ," అంది సన్నగా.

"ఊఁ."

"చలేస్తోంది. ఇక్కడెవరికీ బుద్ధి లేదు. ఒక్క దుప్పటి కప్పి పోయారు."

"ఊఁ."

"ఊఁ కాదు. ఇంకోటి అడగండి."

అడిగాను.